కార్ల్ లీబ్‌క్నెక్ట్ స్మారక చిత్రం

కార్ల్ లీబ్‌క్నెక్ట్ స్మారక చిత్రం జర్మన్ చిత్రకారిణి కేటే కోల్విట్జ్ (1867–1945) రూపొందించిన ప్రసిద్ధ వుడ్‌కట్, అనగా చెక్కపలకపై చెక్కి కాగితంపై అచ్చు వేసిన చిత్రం. జర్మన్ భాషలో దీని పేరు "గెడెంక్‌బ్లాట్ ఫ్యూర్ కార్ల్ లీబ్‌క్నెక్ట్". 1919 జనవరి 15న బెర్లిన్ నగరంలో హత్యకు గురైన కార్మిక నాయకుడు కార్ల్ లీబ్‌క్నెక్ట్ భౌతికకాయం వద్ద కార్మికులు కడసారి చూపు చూసుకొంటున్న దృశ్యం ఇందులోని ఇతివృత్తం. 1919లో మొదలుపెట్టిన ఈ చిత్రం 1920 చివరకు గాని పూర్తి కాలేదు. సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తు, 50 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ చిన్న చిత్రం ఇరవయ్యవ శతాబ్దపు ముద్రణ చిత్రకళలో ముఖ్యమైన రచనలలో ఒకటిగా పరిగణింపబడుతున్నది.

ఈ చిత్రాన్ని గీసిన కోల్విట్జ్ లీబ్‌క్నెక్ట్ పార్టీకి చెందినది కాదు. అతని మార్గాన్ని ఆమె సమర్థించలేదు. తాను అనుసరించని నాయకుని మరణాన్ని, అతనిని ప్రేమించిన జనం పక్షాన నిలిచి చిత్రించటం ఈ రచనలోని విశేషం. దీనిపై ఆ కాలంలో వివాదం కూడా చెలరేగింది.

చారిత్రక నేపథ్యం

కార్ల్ లీబ్‌క్నెక్ట్ 1871 ఆగస్టు 13న లైప్‌జిగ్‌లో జన్మించాడు. అతని తండ్రి విల్‌హెల్మ్ లీబ్‌క్నెక్ట్ జర్మన్ సోషల్ డెమోక్రటిక్ పార్టీ వ్యవస్థాపకులలో ఒకడు. న్యాయవాది అయిన కార్ల్ 1912లో జర్మన్ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైన తరువాత, 1914 డిసెంబరు 2న యుద్ధ ఖర్చులకు అప్పు తెచ్చే ప్రతిపాదన సభ ముందుకు వచ్చినపుడు, వ్యతిరేకంగా ఓటు వేసిన ఒకే ఒక్క సభ్యుడు ఇతడు. 1916 మే దినోత్సవం నాడు యుద్ధానికి వ్యతిరేకంగా ప్రదర్శన జరిపినందుకు జైలు పాలై, 1918 అక్టోబరులో విడుదలయ్యాడు.

1918 నవంబరులో జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ సింహాసనం వదులుకొన్నాడు. దేశంలో విప్లవం చెలరేగింది. అధికారం చేపట్టిన సోషల్ డెమోక్రటిక్ పార్టీ పార్లమెంటరీ ప్రజాస్వామ్యాన్ని కోరగా, లీబ్‌క్నెక్ట్, రోజా లక్సెంబర్గ్‌ల నాయకత్వంలోని స్పార్టకస్ వర్గం కార్మిక మండళ్ళ పాలనను కోరింది. 1918–19 సంవత్సరాల సంధికాలంలో ఈ వర్గం జర్మన్ కమ్యూనిస్టు పార్టీగా ఏర్పడింది. 1919 జనవరి మొదటి వారాలలో బెర్లిన్ వీధులలో జరిగిన తిరుగుబాటును ప్రభుత్వం సైనిక దళాల సహాయంతో అణచివేసింది. జనవరి 15న సైనికాధికారులు లీబ్‌క్నెక్ట్‌ను, రోజా లక్సెంబర్గ్‌ను పట్టుకొని, ఏ విచారణా లేకుండా అదే రాత్రి చంపివేశారు. లక్సెంబర్గ్ శవాన్ని కాలువలోకి విసిరివేశారు. అది మే నెలాఖరు వరకు దొరకలేదు.

జనవరి 25న లీబ్‌క్నెక్ట్‌తో పాటు ఆ పోరాటంలో మరణించిన మరి 31 మందిని బెర్లిన్‌లోని ఫ్రీడ్రిక్స్‌ఫెల్డే శ్మశానవాటికలో ఖననం చేశారు. లక్సెంబర్గ్ పేరిట ఒక ఖాళీ శవపేటికను పక్కన ఉంచారు. అంతిమయాత్రలో కార్మికులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు.

చిత్రకారిణి

కేటే కోల్విట్జ్ 1867 జూలై 8న కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో జన్మించింది. ఆనాడు జర్మనీలో ఉన్న ఈ పట్టణం ప్రస్తుతం కాలినిన్‌గ్రాడ్ పేరుతో రష్యాలో ఉన్నది. 1891లో కార్ల్ కోల్విట్జ్ అనే వైద్యుని వివాహమాడి బెర్లిన్‌లో స్థిరపడింది. భర్త వైద్యశాల కార్మికుల పేటలో ఉండేది. అక్కడికి వచ్చే పేద రోగులు, పని లేని మగవారు, బిడ్డలను చంకనెత్తుకొని వచ్చే తల్లులు ఆమె చిత్రాలకు వస్తువులయ్యారు.

1844లో సైలీషియా ప్రాంతపు చేనేత పనివారు చేసిన తిరుగుబాటు ఆధారంగా గెర్హార్ట్ హౌప్ట్‌మన్ రచించిన నాటకాన్ని చూసి ఉత్తేజితురాలై, 1893–97 మధ్య ఆమె "నేతగాళ్ళ తిరుగుబాటు" అనే ఆరు చిత్రాల వరుసను రూపొందించింది. 1898 ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు దీనికి బంగారు పతకం సిఫారసు చేయగా చక్రవర్తి నిరాకరించాడు. తరువాత "రైతుల యుద్ధం" అనే మరొక చిత్రమాల ఆమెకు విశేషమైన కీర్తి తెచ్చింది.

1914లో ఆమె చిన్న కుమారుడు పీటర్ స్వచ్ఛందంగా సైన్యంలో చేరదలచాడు. మైనరు కనుక తండ్రి అనుమతి కావలసి వచ్చింది. తండ్రి ఒప్పుకోకపోగా, తల్లి నచ్చజెప్పి ఒప్పించింది. ఆ అక్టోబరులోనే పీటర్ బెల్జియంలో యుద్ధరంగంలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 18 సంవత్సరాలు. ఈ పుత్రశోకం, అందులో తన వంతు బాధ్యత ఉన్నదన్న ఆవేదన ఆమెను జీవితాంతం వదలలేదు. ఆమె క్రమంగా యుద్ధాన్ని, హింసను పూర్తిగా వ్యతిరేకించే స్థితికి వచ్చింది.

1919 నాటి కోల్విట్జ్ రాజకీయ వైఖరిని ఈ నేపథ్యంలోనే అర్థం చేసుకోవాలి. ఆమె సానుభూతి కార్మికుల వైపే ఉన్నా, సాయుధ విప్లవాన్ని ఆమె అంగీకరించలేదు. లీబ్‌క్నెక్ట్ హత్య జరిగిన నాలుగు రోజులకు, జనవరి 19న జరిగిన ఎన్నికలు జర్మన్ మహిళలు దేశవ్యాప్తంగా ఓటు వేసిన మొదటి ఎన్నికలు. ఆ ఎన్నికలలో ఆమె అధికారంలో ఉన్న సోషల్ డెమోక్రటిక్ పార్టీకే ఓటు వేసింది.

శవాగారంలో గీసిన చిత్రాలు

అంత్యక్రియల రోజు ఉదయం లీబ్‌క్నెక్ట్ కుటుంబసభ్యుల కోరికపై కోల్విట్జ్ శవాగారానికి వెళ్ళి అతని ముఖాన్ని చిత్రించింది. తూటా గాయమైన నుదుటి చుట్టూ ఎర్రని పూలు ఉంచారని ఆమె తన దినచర్యలో వ్రాసుకొన్నది. ఆ చిత్రాలు ఒక మృతుని ముఖాన్ని ఉన్నది ఉన్నట్లుగా చూపే రేఖాచిత్రాలు. అయితే ఆమెను కదిలించినది ఆ ముఖం మాత్రమే కాదు. అతనికి వీడ్కోలు పలుకుతున్న జనం కూడా ఆమె మనస్సులో నిలిచిపోయారు. నివాళి అర్పించే కార్మికులను కూడా చేర్చి పెద్ద చిత్రం చేయాలని ఆమె సంకల్పించింది.

మూడు మాధ్యమాలలో ప్రయత్నం

ఈ చిత్రాన్ని కోల్విట్జ్ మొదట ఎచింగ్ పద్ధతిలో ప్రయత్నించింది. లోహపు రేకుపై సన్నని గీతలు గీసి, ఆమ్లంతో ఆ గీతలను లోతు చేసి, వాటిలో సిరా నింపి అచ్చు వేయటం ఎచింగ్. ఆమెకు ఎంతో పట్టు ఉన్న పద్ధతి ఇది. కాని ఫలితం ఆమెకు తృప్తినివ్వలేదు. తరువాత లితోగ్రాఫ్ (శిలాముద్రణ) పద్ధతిలో ప్రయత్నించింది. అదీ నచ్చలేదు.

1920 జూన్‌లో ఒక ప్రదర్శనలో శిల్పి, చిత్రకారుడు అయిన ఎర్నెస్ట్ బార్లాహ్ (1870–1938) వుడ్‌కట్‌లను ఆమె చూసింది. వాటి బలం ఆమెను ఆశ్చర్యపరచింది. తన చిత్రానికి కావలసిన మాధ్యమం అదేనని నిర్ణయించుకొని, యాభై మూడేళ్ళ వయస్సులో కొత్తగా చెక్కపని అభ్యసించింది. ఆమె తొలి వుడ్‌కట్‌లలో ఈ చిత్రం ఒకటి.

మాధ్యమం మార్చటం వలన చిత్రంలో వచ్చిన మార్పు గమనించదగినది. ఎచింగ్‌లో సన్నని గీతలు, నీడలోని అంతరాలు చూపవచ్చు. ప్రతి ముఖాన్నీ, ప్రతి ముడతనూ వివరంగా చెప్పవచ్చు. చెక్కపై ఇది సాధ్యం కాదు. ఉలి తగిలిన చోట తెలుపు, తగలని చోట నలుపు. రెంటికీ నడుమ బూడిదరంగు లేదు. అందువలన చిత్రకారిణి అనవసరమైన వివరాలన్నిటినీ విడిచిపెట్టవలసి వచ్చింది. దుఃఖానికి కావలసినవి మాత్రమే మిగిలాయి: ముఖాలు, చేతులు, వంగిన వీపులు.

వుడ్‌కట్ పద్ధతి

వుడ్‌కట్ అతి పురాతనమైన ముద్రణ పద్ధతులలో ఒకటి. దీని సూత్రం తెలుగువారికి కొత్తది కాదు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకానికి వాడే కొయ్య అచ్చులు ఇదే సూత్రంపై పనిచేస్తాయి. అచ్చు పడవలసిన భాగాన్ని ఎత్తుగా ఉంచి, మిగిలిన భాగాన్ని ఉలితో తొలగిస్తారు. ఎత్తుగా ఉన్న భాగానికి రంగు అంటుతుంది. గుడ్డపై ఒత్తినపుడు ఆ భాగం మాత్రమే అద్దుకొంటుంది. అయితే అద్దకంలో అచ్చును గుడ్డపై ఉంచి ఒత్తుతారు. చిత్రకారుని వుడ్‌కట్‌లో పలకను బల్లపై ఉంచి, సిరా పూసి, దానిపై కాగితం పరచి వెనుక నుండి రుద్దుతారు, లేదా యంత్రంలో పెట్టి ఒత్తుతారు.

పలకపై చెక్కినది కాగితంపై కుడి ఎడమలు తారుమారై పడుతుంది. కనుక అక్షరాలు చెక్కవలసి వచ్చినపుడు అద్దంలో కనిపించినట్లు తిరగవేసి చెక్కాలి. ఒకసారి తొలగించిన చెక్కను తిరిగి చేర్చటం వీలు కాదు.

జర్మనీలో ఈ కళకు సుదీర్ఘ చరిత్ర ఉన్నది. ఆల్బ్రెహ్ట్ డ్యూరర్ 1498లో ప్రచురించిన బైబిల్ చిత్రాలు జగత్ప్రసిద్ధాలు. తరువాతి శతాబ్దాలలో వెనుకబడిన ఈ పద్ధతిని 1905లో డ్రెస్డెన్‌లో ఏర్పడిన "డీ బ్రూకె" (వంతెన) అనే యువ చిత్రకారుల బృందం పునరుద్ధరించింది. ఎర్నెస్ట్ లుడ్విగ్ కిర్ష్‌నర్, ఎరిక్ హెకెల్, కార్ల్ ష్మిట్-రోట్లుఫ్ మొదలగువారు మొరటు ఉలిగాట్లను దాచకుండా చూపి, మనోభావాలకు ప్రాధాన్యం ఇచ్చారు. ఈ ధోరణిని భావవ్యక్తీకరణవాదం (ఎక్స్‌ప్రెషనిజం) అంటారు. కోల్విట్జ్ ఈ బృందంలో సభ్యురాలు కాదు. వయస్సులోనూ వారికంటె పెద్దది. అయినా వారు తిరిగి వాడుకలోకి తెచ్చిన పనిముట్టును తన పద్ధతిలో వినియోగించుకొన్నది.

చిత్ర వర్ణన

చిత్రం అడుగు భాగంలో లీబ్‌క్నెక్ట్ దేహం అడ్డంగా పరుండి ఉన్నది. దేహాన్ని కప్పిన తెల్లని వస్త్రం చిత్రంలోకెల్లా పెద్ద తెల్లని భాగం. దాని పైన నల్లని జనసమూహం నిండి ఉన్నది. నేపథ్యంలో గోడ, ఆకాశం, శవాగారపు గది ఏవీ లేవు. మనుష్యులే చిత్రాన్నంతా నింపివేశారు.

ముందు వరుసలో ఒక కార్మికుడు బాగా వంగి తన పెద్ద చేతిని మృతుని ఛాతీపై ఉంచాడు. అతని వీపు విల్లువలె వంగి, చూపరుల దృష్టిని మృతుని వైపు మళ్ళిస్తుంది. అతని వెనుక తలలు వంచిన మరికొందరు, వారి భుజాల మీదుగా తొంగిచూచే ఇంకొందరు ఉన్నారు. వారిలో పసిబిడ్డను ఎత్తుకొన్న స్త్రీ కూడా కనిపిస్తుంది. కోల్విట్జ్ చిత్రాలలో తల్లీబిడ్డలు తరచుగా దర్శనమిస్తారు. మరణం ఎదుట నిలిచిన ఈ పసిబిడ్డ చిత్రానికి మరొక అర్థాన్ని చేకూరుస్తున్నది.

చేతులను కోల్విట్జ్ ఎంత శ్రద్ధగా చెక్కినదో గమనించాలి. అవి పనిచేసే చేతులు. ముఖాలకంటె అవే ఎక్కువ మాట్లాడుతాయి.

శిలువ నుండి దింపిన ఏసుక్రీస్తు దేహం చుట్టూ ఆప్తులు విలపించే దృశ్యం ఐరోపా చిత్రకళలో శతాబ్దాలుగా ఉన్నది. ఈ చిత్రం అమరిక దానినే జ్ఞాపకం చేస్తుంది. అయితే ఇక్కడ దేవదూతలు లేరు, కాంతివలయం లేదు. శిష్యుల స్థానంలో కూలీలు ఉన్నారు. జెండా, పిడికిలి, ఆయుధం వంటి పార్టీ చిహ్నాలూ లేవు. హంతకులు కూడా చిత్రంలో కానరారు.

చిత్రంపై వ్రాత

చిత్రం అడుగున ఉన్న సన్నని పట్టీలో జర్మన్ అక్షరాలు చెక్కబడి ఉన్నాయి. "మృతునికి సజీవులు. 1919 జనవరి 15 జ్ఞాపకార్థం" అని వాటి భావం. 1848 విప్లవంలో మరణించినవారు బ్రతికి ఉన్నవారితో మాట్లాడుతున్నట్లుగా ఫెర్డినాండ్ ఫ్రైలిగ్రాత్ అనే కవి ఆ సంవత్సరమే ఒక ఖండిక రచించాడు. దాని శీర్షికకు "సజీవులకు మృతులు" అని అర్థం. కోల్విట్జ్ ఆ వరుసను తిప్పివేసింది. కవితలో మృతులు సజీవులను సంబోధించారు. ఈ చిత్రంలో సజీవులు మృతునికి నివాళి సమర్పించారు. కాబట్టి ఇది లీబ్‌క్నెక్ట్ చిత్రం అనటంకంటె, అతనికై దుఃఖించిన వారి చిత్రం అనటమే సమంజసం.

విమర్శ, సమాధానం

ఈ చిత్రం విషయంలో కోల్విట్జ్ కమ్యూనిస్టుల నుండి విమర్శ ఎదుర్కొన్నది. పార్టీలో లేని వ్యక్తికి, పైగా ప్రత్యర్థి పార్టీకి ఓటు వేసిన వ్యక్తికి, తమ అమరవీరుని చిత్రించే హక్కు ఎక్కడిదని వారి ప్రశ్న. 1920లో ఆమె తన దినచర్యలో దీనికి సమాధానం వ్రాసుకొన్నది. ప్రతి విషయంలోని అనుభూతిని గ్రహించి, దానిని తన మనస్సుకు తోచినట్లు వెలువరించే హక్కు కళాకారునికి ఉన్నదని ఆమె వాదన. లీబ్‌క్నెక్ట్ రాజకీయాలను అనుసరించకుండానే, కార్మికులు అతనికి పలికిన వీడ్కోలును చిత్రించి, దానిని కార్మికులకే అంకితం చేసే హక్కు తనకున్నదని ఆమె భావించింది.

ఈ వాదన నేటికీ చర్చనీయాంశమే. ఒక వర్గపు దుఃఖాన్ని ఆ వర్గానికి వెలుపలివారు చెప్పవచ్చునా అన్న ప్రశ్న సాహిత్యంలోనూ, కళలలోనూ తరచు తలెత్తుతూనే ఉన్నది. కోల్విట్జ్ విషయంలో గమనించవలసినది ఏమనగా, ఆమె మృతుని అభిప్రాయాలను చెప్పలేదు, వాటిని తనవిగా చాటుకోలేదు. తాను స్వయంగా చూచిన దుఃఖానికి మాత్రమే పరిమితమైనది. కొడుకును కోల్పోయిన తల్లికి శవం ఎదుట నిలిచిన మనిషి స్థితి తెలుసు. ఆమెకు ఆ చిత్రంపై ఉన్న అధికారం అదే.

తరువాతి కాలం

ఈ చిత్రంతో పట్టుబడిన వుడ్‌కట్‌ను కోల్విట్జ్ యుద్ధ వ్యతిరేక చిత్రాలకు ఉపయోగించింది. 1921–22లో చెక్కిన "యుద్ధం" అనే ఏడు చిత్రాల వరుస 1923లో వెలువడింది. ఇందులో యుద్ధరంగం ఎక్కడా లేదు. బిడ్డను బలి ఇస్తున్న తల్లి, చావు వెంట పరుగెత్తే యువకులు, కుప్పకూలిన తల్లిదండ్రులు, వితంతువులు మాత్రమే ఉన్నారు.

1919లోనే ఆమె ప్రష్యన్ కళా అకాడమీకి ఎన్నికై, ఆ గౌరవం పొందిన మొదటి మహిళ అయింది. 1933లో హిట్లర్ అధికారానికి వచ్చిన తరువాత, నాజీలను ఎదిరించుటకు వామపక్షాలు ఏకం కావాలన్న విజ్ఞప్తిపై సంతకం చేసిన కారణంగా అకాడమీ నుండి బలవంతంగా వైదొలగవలసి వచ్చింది. క్రమంగా ఆమె చిత్రాలను ప్రదర్శనల నుండి తొలగించారు. 1940లో భర్త మరణించాడు. 1942లో పీటర్ అనే పేరే గల మనుమడు రెండవ ప్రపంచ యుద్ధంలో మరణించాడు. 1943లో బెర్లిన్‌లోని ఆమె నివాసం బాంబు దాడిలో నాశనమైనది. యుద్ధం ముగియటానికి కొద్ది రోజుల ముందు, 1945 ఏప్రిల్ 22న, డ్రెస్డెన్ సమీపంలోని మోరిట్స్‌బర్గ్‌లో ఆమె మరణించింది.

ఆసియాలో ప్రభావం

చైనా రచయిత లూ షున్ (1881–1936) కోల్విట్జ్ చిత్రాలను ఆసియాకు పరిచయం చేసినవారిలో ముఖ్యుడు. 1931 ఫిబ్రవరిలో తన మిత్రుడు, యువ రచయిత రౌ షీ మరణశిక్షకు గురైనపుడు, అతని జ్ఞాపకార్థం "యుద్ధం" వరుసలోని "బలి" అనే చిత్రాన్ని లూ షున్ ఒక పత్రికలో ప్రచురింపజేశాడు. బిడ్డను చేతులలోకి తీసుకొని ముందుకు చాపిన తల్లి బొమ్మ అది. 1936లో ఆమె చిత్రాల సంపుటాన్ని కూడా వెలువరించాడు. పలక, ఉలి, సిరా ఉంటే చాలు, తక్కువ ఖర్చుతో వందల ప్రతులు తీయగల ఈ కళ పేద దేశానికి తగినదని అతని అభిప్రాయం. చైనాలో ఆధునిక వుడ్‌కట్ ఉద్యమం ఈ విధంగా బలపడింది.

భారతదేశంలో 1943 బెంగాల్ కరవును చిత్రించిన చిత్తప్రసాద్ (1915–1978), 1946 నాటి తెభాగా రైతు ఉద్యమాన్ని చిత్రించిన సోమనాథ్ హోర్ (1921–2006) ఈ సంప్రదాయానికి దగ్గరివారు. సోమనాథ్ హోర్‌పై కోల్విట్జ్ ప్రభావాన్ని విమర్శకులు గుర్తించారు. తెలుగువారిలో ముద్రణ చిత్రకళకు జాతీయస్థాయిలో పేరు తెచ్చినవారిలో మెదక్ ప్రాంతానికి చెందిన కె. లక్ష్మా గౌడ్ ప్రముఖుడు. ఆయన ప్రధానంగా ఎచింగ్ పద్ధతిలో కృషి చేశాడు.

మ్యూజియములలో ప్రతులు

ముద్రణ చిత్రం కనుక దీనికి ఒకే ఒక అసలు ప్రతి అంటూ లేదు. పలక నుండి తీసిన ప్రతి అచ్చూ అసలైనదే. అందుచేత ఈ చిత్రం ఒకే సమయంలో అనేక దేశాలలో ఉన్నది. జర్మనీలోని కొలోన్ నగరంలో 1985లో ప్రారంభమైన కేటే కోల్విట్జ్ మ్యూజియం, అమెరికాలోని శాంటా బార్బరా కళా మ్యూజియం మొదలగు సంస్థలలో దీని ప్రతులు ఉన్నాయి. శాంటా బార్బరా ప్రతిపై తెలుపు, నలుపు సిరాలతో చేతితో దిద్దిన గుర్తులు ఉన్నాయి. అమెరికాలో ఉన్నత పాఠశాల విద్యార్థులకు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కళాచరిత్ర పాఠ్యప్రణాళికలో నిర్ణయించిన 250 కళాఖండాలలో ఈ చిత్రం ఒకటి.

లీబ్‌క్నెక్ట్, లక్సెంబర్గ్‌ల స్మృతికై ప్రసిద్ధ వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రోహె రూపకల్పనలో ఫ్రీడ్రిక్స్‌ఫెల్డే శ్మశానవాటికలో 1926లో ఒక పెద్ద ఇటుక కట్టడాన్ని నిర్మించారు. నాజీ ప్రభుత్వం దానిని 1935లో కూల్చివేసింది. కాగితంపై అచ్చయిన ఈ చిత్రం మాత్రం పలు చోట్ల చెదరి ఉన్నందున నిలిచిపోయింది. కోల్విట్జ్ సమాధి కూడా ప్రస్తుతం అదే ఫ్రీడ్రిక్స్‌ఫెల్డే శ్మశానవాటికలో ఉన్నది.